కౌలు

పర్యాటకుడిగా థాయిలాండు వెళ్ళినవాడు ఇచ్చిన గడువు చాలక మరికొన్నాళ్ళు ఉండదలచుకుంటే చేయవలసినది పెద్ద పనేమీ కాదు. గడువు తీరకముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి వెళ్ళి, టి.ఎం. 7 అనే దరఖాస్తు నింపి, దాని మీద ఫొటో అంటించి, పాస్‌పోర్టునూ దాని నకళ్ళనూ జతచేసి బల్ల మీద పెట్టాలి. నేనెరిగిన కాలంలో రుసుము 1,900 బాత్‌లు. అధికారికి అభ్యంతరం లేకపోతే మరో 30 రోజులకు ముద్ర పడుతుంది. అడగకుండా ఉండిపోతే రోజుకు 500 బాత్‌ల చొప్పున, 20,000 మించకుండా జరిమానా. ఇంతే కాదు. విదేశీయుడు ఎవరింట బసచేస్తే ఆ ఇంటి యజమాని 24 గంటలలోగా ఆ సంగతి అధికారులకు తెలియజేయాలని 1979 నాటి వారి చట్టం చెబుతుంది. ఆ కార్యాలయానికి థాయి భాషలో ఉన్న పేరును మాటకు మాటగా విడదీస్తే “ఊళ్ళోకి వచ్చే మనుషులను పరీక్షించే చోటు” అని వస్తుంది. మన గ్రామ చావడి కరణం పెట్టిన పేరులా ఉంది కదూ!

భారతీయులకు ఈ వ్యవహారం ఇటీవల కొంత సులువైంది. 2023 నవంబరులో 30 రోజులకు, 2024 జులైలో 60 రోజులకు వీసా అవసరం లేకుండా చేశారు. ఆ సడలింపులు పర్యాటకుల సంఖ్య కోసం వచ్చినవి. కావలసినప్పుడు విప్పుతారు, అక్కరలేనప్పుడు బిగిస్తారు. ఏ దేశమైనా చేసేది అదే.

ఒకసారి నేనూ ఆ వరుసలో కూర్చున్నాను. గంటన్నర తరువాత నా వంతు వచ్చింది. ఆ గంటన్నరలో నాకు వింతగా తోచినది ఒకటే. నువ్వేం తెచ్చావు, ఏం కొంటావు, ఏం అమ్ముతావు అని ఎవరూ అడగలేదు. ఎన్ని రోజులు అన్నదే అక్కడ ప్రశ్న. పరాయివాణ్ణి రోజులతో కొలవడం ఎప్పుడు మొదలైంది? అంతకు ముందు దేనితో కొలిచేవారు? దీనికి సమాధానం వెతకడానికి బాంకాకు కంటే మా గుంటూరు, ప్రకాశం జిల్లాల సముద్రతీరమే అనువైన చోటని తరువాత తెలిసింది. ఏడెనిమిది వందల ఏళ్ళపాటు పరాయివాళ్ళు వచ్చి “ఉండనిస్తారా” అని అడిగిన తీరం అది.

చీరాలకు దక్షిణంగా, చినగంజాం దగ్గర మోటుపల్లి అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుండి ప్రకాశం, 2022 నుండి బాపట్ల. ఊరు కదలలేదు గాని జిల్లాలే దాని మీదుగా నడిచాయి. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో కాకతీయ గణపతిదేవుని శాసనం ఒకటి ఉంది. శకవర్షం 1166, అంటే క్రీ.శ. 1244-45. చరిత్ర పుస్తకాలలో దీనిని “అభయ శాసనం” అని పిలుస్తారు. అందులోని విషయం సంగ్రహంగా ఇది. దేశదేశాల నుండి, ద్వీపాంతరాల నుండి సముద్రం మీద వచ్చిపోయే వర్తకులకు అభయం ఇస్తున్నాము. వెనుకటి రాజులు, తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కంటే ధనమే గొప్పదని సముద్రానికి తెగించి వచ్చిన వీరిపై దయతో, కీర్తి కోసమూ ధర్మం కోసమూ, మేము నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వదిలివేస్తున్నాము.

ఆ నిర్ణీత సుంకం ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడం, మిరియాలు, పోకలు ఇలా వేటికెంతో వివరంగా చెక్కించారు. దానిని చదువుతున్నప్పుడు నాకు ముచ్చటవేసినది దయ గురించిన మాటలు కావు, ఆ పట్టిక. వచ్చే ముందే వర్తకునికి తాను కట్టవలసినది ఎంతో తెలుస్తుంది. బల్ల అవతలివాని మనసెలా ఉందో చూసుకోనక్కరలేదు. దయాగుణం ఎంత చెప్పుకున్నా, లెక్క రాతి మీద ఉన్నప్పుడే ఓడ నడిపేవాడికి ధైర్యం.

అర్ధశతాబ్ది తరువాత మార్కో పోలో రాసిన “ముత్ఫిలి” ఈ మోటుపల్లే అని పండితుల అభిప్రాయం. సాలెగూడంత సన్నని వస్త్రాలు ఇక్కడ నేస్తారని అతడు మెచ్చుకున్నాడు. అతడు చెప్పిన వజ్రాలలోయ కథలో పాములూ గద్దలూ ఉన్నాయి, కాబట్టి దానిని అలా ఉంచుదాం. వస్త్రాల మాట మాత్రం నమ్మదగినదే.

కాకతీయులు పోయారు. కొండవీటి రెడ్లు వచ్చారు. 1358లో అనపోతారెడ్డి కాలాన అదే మోటుపల్లిలో మరో శాసనం వెలసింది. రేవుకు ముకుళపురం అనే పేరు పెట్టారు. ఈసారి తెలుగుతో పాటు తమిళంలో కూడా రాయించారు. ఎవరు చదవాలో వారి భాషలో ఉండాలన్న ఇంగితం ఈనాటి కార్యాలయాలకు కూడా అన్నిచోట్లా లేదు. ఈ రెండవ శాసనం మొదటిదాని కంటే నా ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. గణపతిదేవుడు వచ్చిపోయేవారి సరుకు గురించి చెప్పాడు. అనపోతారెడ్డి ఉండిపోయేవారి సంగతి చెప్పించాడు. ఇక్కడ కాపురముండడానికి వచ్చే వర్తకులను ఆదరించి వారికి నేలా నెలవూ ఇస్తాము. వారు వేరొక చోటికి పోదలచుకుంటే అడ్డు పెట్టకుండా పోనిస్తాము. తెచ్చిన సరుకు తమకిష్టమైనవారికి అమ్ముకోవచ్చు. అపుత్రికదండం తీసుకోము.

ఈ చివరిమాట ఒక్క క్షణం ఆగి చూడవలసినది. కొడుకులు లేకుండా చనిపోయినవాని ఆస్తి రాజుకు చెందడం అపుత్రికదండం. ఊళ్ళో వాడికైతే అన్నదమ్ములో దాయాదులో ఉంటారు, ఏదో విధంగా సర్దుకుంటారు. సముద్రం దాటి ఒంటరిగా వచ్చినవాడు జ్వరం తగిలి చనిపోతే అతని గిడ్డంగికి దిక్కెవరు? పరాయిగడ్డ మీద ఉండేవానికి అన్నిటికంటే పెద్ద భయం అది. ఆ భయాన్ని పసిగట్టి, పేరుపెట్టి తీసివేశారు. వెళ్ళిపోతానంటే వెళ్ళనిస్తామన్నది కూడా అంత గొప్ప మాటే. రమ్మనడం ఎవరైనా అంటారు.

అయితే నేను ఈ శాసనాలను చూసి మురిసిపోయేవారితో పూర్తిగా ఏకీభవించను. 1244లో ఇచ్చిన అభయాన్ని 1358లో మళ్ళీ ఇవ్వవలసి వచ్చిందంటే మధ్యలో అది నిలవలేదనే అర్థం. పైగా ఈ అభయం ఓడెడు సరుకుతో వచ్చేవాడికే. వట్టి చేతులతో వచ్చిన వాడికి ఏమి చెప్పారో రాతి మీద లేదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టంలో ఈ లోగుట్టును దాచకుండా చెప్పాడు. దూరద్వీపాల నుండి ఏనుగులనూ గుర్రాలనూ తెచ్చే వర్తకులకు ఊళ్ళూ మంచి ఇళ్ళూ ఇచ్చి దగ్గర ఉంచుకోవాలన్నాడు. ఎందుకంటే ఆ ఏనుగులూ గుర్రాలూ శత్రువు దగ్గరకు పోకూడదు. అతిథిమర్యాదకు ఇంత నిజాయితీ గల కారణం చెప్పిన రాజులు తక్కువ.

ఇన్ని నియమాలలో ఎక్కడా రోజుల లెక్క లేదు. ఎందుకు లేదంటే, ఆ పని గాలి చేసేది. నైరుతి గాలులతో వచ్చిన ఓడ ఈశాన్య గాలులు తిరిగేదాకా పోలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరం తుఫానులకు నిలయం. దివిసీమ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. గడువు పెంచమని అడగడానికి బల్ల లేదు, అవతల అధికారీ లేడు. గాలి ముద్ర వేస్తే కదలాలి. అతిథి అన్న మాటకు తిథి నియమం లేనివాడు అని మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి ఓడ వర్తకుల విషయంలో సగమే నిజం.

ఇక 1611కు వద్దాం. మోటుపల్లికి ఉత్తరంగా అదే తీరాన నిజాంపట్నం ఉంది. పక్కనున్న పెద్దపల్లి పేరును పట్టుకుని ఐరోపావారు దీనిని “పెటపోలి” అనేవారు. 1606 నాటికే డచ్చివారు ఇక్కడికి వచ్చారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఏడవ యాత్రగా పంపిన గ్లోబ్ అనే ఓడ ఈ తీరానికి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ ఇంగ్లీషు ఓడలో వ్యాపారం నడిపే పెద్దలు ఇద్దరూ, పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతూనిస్, డచ్చివారే. వెనుక డచ్చి కంపెనీలో పనిచేసి ఈ తీరం ఆనుపానులు తెలిసినవారు. ఫ్లోరిస్ రాసిపెట్టిన దినచర్య మనకు దక్కింది. పరాయివాడు మన రేవులలో అనుమతి కోసం పడిన పాట్లకు అంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

వారు ఆగస్టులో మొదట పులికాట్‌లో ఆగారు. అక్కడ అప్పటికే ఉన్న డచ్చి అధిపతి వారిని కూర్చోనివ్వలేదు. ఈ రేవులో మా రాకుమారుడు మారిస్ పత్రం లేనిదే ఐరోపావారెవరూ వ్యాపారం చేయరాదని మాకు వేంకటపతిరాయల కౌలు ఉంది, అన్నాడు. రేవు అధికారి ఒక స్త్రీ. ఫ్లోరిస్ ఆమె పేరు “కొండ మా” అని రాశాడు, కొండమ్మ అయివుండాలి. ఆమె కూడా, రాయలు డచ్చివారికి కౌలు ఇచ్చాడు, మీకూ కావాలంటే రాయల దగ్గర తెచ్చుకోండి, అని తేల్చిచెప్పింది. నాకు ఆ అధికారిణి అంటే గౌరవం కలిగింది. చంద్రగిరి, వేలూరుల దారి పట్టి కాగితం తెచ్చుకునే ఓపిక లేక వారు ఓడను ఉత్తరానికి తిప్పారు. ఆగస్టు 20 ప్రాంతాన నిజాంపట్నం చేరారు. అది గోల్కొండ సుల్తానుల ఏలుబడి. అక్కడి అధికారి కౌలు పంపాడు. కానుకలు ముట్టాయి. కొందరు మనుషులను బట్టల కొనుగోలుకు అక్కడ దింపి ఫ్లోరిస్ మచిలీపట్నం వెళ్ళాడు.

కౌలు అంటే అరబ్బీలో మాట, చెప్పిన మాట, ఇచ్చిన మాట. గోల్కొండ పారసీకంలో అది అభయపత్రం అయింది. నువ్వు దిగవచ్చు, ఇంత సుంకం, నీకు హాని జరగదు, అని పాలకుడు ఇచ్చే మాట. కాకతీయుల “అభయ” మనే మాటకు అది పారసీక వేషం అనవచ్చు. తేడా ఒకటి ఉంది. మోటుపల్లిలో ఆ మాట రాతి మీద, అందరికీ ఒకటే. ఇప్పుడు అది కాగితం మీద, వచ్చినవానికి విడివిడిగా, బేరాన్ని బట్టి. కాగితం వచ్చాక దానిని ఇచ్చినవాడే మార్చవచ్చు.

మార్చారు కూడా. మచిలీపట్నం అధికారి సరుకు తీసుకుని డబ్బు దగ్గర పేచీ పెట్టాడు. నేను మీర్‌ను, ప్రవక్త వంశీకుణ్ణి, క్రైస్తవుని మాట కంటే నా మాటే చెల్లాలి, అన్నాడట. చివరకు పట్నంలోని ముస్లిం వర్తకులే మధ్యవర్తిత్వం చేసి సర్దారు. ఇంతలో 1612 జనవరిలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చనిపోయాడు. హైదరాబాదు కట్టించిన ఆయనే. రాజు పోతే కౌళ్ళన్నీ కొత్తగా మొదలుపెట్టాలి. ఫ్లోరిస్ కొన్న బట్టలు ఓడకెత్తుకుని ఫిబ్రవరిలో బయలుదేరాడు.

ఆ బట్టలు ఎక్కడికి? సయాముకు. అంటే ఈనాటి థాయిలాండుకు.

ఇక్కడ మన మాగాణుల, మెట్టల సంగతి కొంత చెప్పాలి. గుంటూరు నల్లరేగడిలో పత్తి, వెనుక పల్లెల్లో రాట్నాలు, తీరం వెంట మగ్గాలు, అద్దకాలు. వీటన్నిటిలో నిజాంపట్నానికి ప్రత్యేకం ఒక వేరు. చిరివేరు అంటారు. ఇసుక పర్రలలో పెరిగే చిన్న మొక్క. దాని వేరు నుండి వచ్చే ఎరుపు ఉతికే కొద్దీ నిగ్గుదేరుతుంది. కృష్ణా ముఖద్వారం దగ్గరి ఇసుకనేలల్లో, గవ్వల సున్నం కలిసిన మట్టిలో పెరిగినది మేలైనదని పేరు. బట్టను పటిక పట్టించి, పాలల్లో నానబెట్టి, మళ్ళీ మళ్ళీ ఎండలో ఆరబెట్టి, చిరివేరు నీళ్ళలో కాచే ఆ పనికి వారాలు పట్టేది. ఇంగ్లండులో ఆ ఎరుపుకు మొదట అంత గిరాకీ లేదు. గిరాకీ అంతా తూర్పున, పటానీలో, అయుత్థయలో, జావాలో. ఇంగ్లండు వెండిని తెచ్చి ఇక్కడ గుడ్డ కొనాలి, ఆ గుడ్డ ఇచ్చి అక్కడ మిరియాలు కొనాలి. సయాములో అడుగుపెట్టడానికి ఫ్లోరిస్ బృందం దగ్గర ఇంగ్లండు రాజు జేమ్స్ లేఖ ఒకటి ఉన్న మాట నిజమే. బట్టల మూటలు లేకుండా ఆ లేఖను అక్కడ ఎంతమంది చదివేవారో నాకు అనుమానం.

గ్లోబ్ బాంటం మీదుగా 1612 జూనులో పటానీ చేరింది. రాజలేఖను బంగారు పళ్ళెంలో పెట్టి ఊరేగింపుగా రాణి కొలువుకు తీసుకువెళ్ళారు. నిప్పంటుకోని గిడ్డంగి కట్టుకోవడానికి అనుమతి అడిగారు. జులైలో కెప్టెన్ ఆంథొనీ హిప్పన్ అక్కడే చనిపోయాడు. అనపోతారెడ్డి శాసనంలోని భయం ఊరికే పుట్టినది కాదు. ఆగస్టులో ఓడ సయాము నదీముఖానికి వెళ్ళింది. అక్కడ రేవు అధికారీ బాంకాకు అధికారీ ఎదురువచ్చారు, ముఖ్యంగా కానుకల కోసమేనని ఫ్లోరిస్ నిష్ఠూరమాడాడు. సెప్టెంబరు 17న అయుత్థయలో రాజదర్శనమైంది. రాజు సోంగ్‌థామ్. స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోండని మాటిచ్చి తలా ఒక చిన్న బంగారు గిన్నె, ఒక గుడ్డముక్క బహూకరించాడు. మన తీరం నుండి గుడ్డ మోసుకువెళ్ళినవారికి గుడ్డే బహుమానం! ఆ తరువాత కింది అధికారులు తమకు నచ్చిన ధరకు సరుకు తీసుకుని తమకు నచ్చినప్పుడు డబ్బిస్తామన్నారు. రాజుకు మొర పెట్టుకోగా వారిని మందలించాడు. డచ్చివారి బసకు దగ్గరలో ఒక ఇటుక ఇల్లు ఇప్పించాడు. అంటే సయాములోనూ మచిలీపట్నపు కథే. పై వాడు మాట ఇస్తాడు, కింది వాడు దాని ధర చెబుతాడు.

అయుత్థయలో పరాయివారి వ్యవహారాలు చూడడానికి అప్పటికే ఒక పద్ధతి రూపుదిద్దుకుంటోంది. ప్రా ఖ్లాంగ్ అనే కోశాధికారి కింద రెండు రేవు శాఖలు ఉండేవి. ఎడమ శాఖ చైనా వారిది. కుడి శాఖ పడమటి నుండి వచ్చేవారిది, అంటే భారతీయులు, పారసీకులు, అరబ్బులు, మలయులు. కుడి శాఖకు పెద్దలుగా పారసీక మూలాలున్న ఒక ముస్లిం కుటుంబం వారు తరతరాలు ఉన్నారు. వచ్చినవాని భాష తెలిసినవాడే బల్ల అవతల కూర్చునేవాడన్నమాట. మన తీరం నుండి సయాముకు ఇంకో దారి కూడా ఉండేది. బంగాళాఖాతం దాటి తెనాస్సెరిమ్, మెర్గుయి రేవులలో దిగి కొండల మీదుగా నడిచిపోవడం. శ్రీనాథుని పద్యాలలో కనిపించే “తరుణాసీరి” ఈ తెనాస్సెరిమే. కాబట్టి ఇంగ్లీషువారు కనిపెట్టిన దారి కాదిది, వారు ఎక్కిన దారి.

థాయి భాషలో “ఖేక్” అన్న మాటకు అతిథి అని అర్థం. భారతీయులను, మలయులను, పడమటి ముస్లిములను అందరినీ కూడా అదే మాటతో పిలుస్తారు. అది గౌరవమో ఎత్తిపొడుపో చెప్పడం సందర్భాన్ని బట్టి. నాలుగు తరాలుగా అక్కడ బట్టలకొట్టు నడుపుతున్నవాడు కూడా ఖేక్ అవుతాడు. అతిథి అనే మాటలోని కనబడని ముల్లు అది, ఎన్నాళ్ళున్నా అతిథే.

ఫ్లోరిస్ కథలో మిగిలిన ముక్క చెప్పకుండా ఉండలేను. 1613 డిసెంబరులో అతడు మచిలీపట్నం తిరిగివచ్చాడు. మళ్ళీ కౌలు తీసుకున్నాడు, మళ్ళీ సరుకు అరువు ఇచ్చాడు, మళ్ళీ బాకీ రాలేదు. ఏడాది చూశాడు. 1614 నవంబరులో సుంకం చావడి దగ్గర ఉన్న అధికారి కొడుకు వెంకటాద్రిని పట్టుకుని పడవలో వేసుకుని ఓడకు తీసుకుపోయాడు. వెంకటాద్రి బ్రాహ్మణుడు. తాను వండుకున్నది తప్ప ఎవరింటా తినడు, తాగడు. ఓడ మీద పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. ఫ్లోరిస్‌కు జాలివేసి, ఇతనికి బదులు ఇద్దరు పేరున్న ముస్లిములు జామీనుగా వస్తే విడిచిపెడతానన్నాడు. ఎవరూ రాలేదు. చివరకు తండ్రి బాకీ కట్టాడు, కొడుకు ఒడ్డుకు వచ్చాడు. ఈ ఘట్టాన్ని ఇంగ్లీషు పుస్తకాలలో సాహసంగా చెప్పుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. కౌలు అడిగి దిగినవాడు, ఆ మాట చెల్లకపోయేసరికి, మాట ఇచ్చినవాని కొడుకుని ఎత్తుకుపోయాడు. అతిథికీ ఆతిథేయికీ మధ్య ఉన్న గీత ఆ నవంబరులో చెరిగింది. ఆ ఓడ ఇంటికి చేరిన 1615లోనే ఫ్లోరిస్ లండనులో చనిపోయాడు.

ఆ తరువాతి కథ తెలిసినదే కనుక తొందరగా దాటుతాను. 1630లలో గోల్కొండ సుల్తాను సుంకాలలో భారీ రాయితీలతో కంపెనీకి ఫర్మానాలు ఇచ్చాడు. 1788లో గుంటూరు సర్కారు నిజాము చేతి నుండి కంపెనీ చేతికి పోయింది. ఉండనివ్వమని అడిగినవాడే ఎవరు ఉండాలో చెప్పేవాడయ్యాడు. 1864లో విదేశీయుల చట్టం తెచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత పాస్‌పోర్టు లోకమంతా తప్పనిసరి అయింది. మన దేశంలో 1920లో దానికి చట్టం వచ్చింది, సయాములో తొలి వలస చట్టం 1927లో. రోజుల లెక్క అప్పుడే స్థిరపడింది. ఆవిరి ఓడలు వచ్చాక గాలి కోసం ఆగనక్కరలేదు కాబట్టి, గాలి చేసే పని గుమాస్తా చేయవలసి వచ్చింది. మన 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. మన హోటలువాళ్ళు కూడా విదేశీయుడు దిగిన 24 గంటలలో కబురు పంపవలసినవారే. ఆ విషయంలో బాంకాకును తప్పుపట్టడానికి మనకు నోరు లేదు.

చెప్పదలచినది అసలు ఇప్పుడు వస్తుంది. నిజాంపట్నం రేవులో పరాయి వర్తకునికి ఇచ్చిన ఆ కౌలు ఏమైంది? రేవు పూడిపోయింది. ఓడలు పోయాయి. మాట మాత్రం ఒడ్డు దిగి పొలాల్లోకి నడిచింది. పాడుబడిన పల్లెలను మళ్ళీ నిలబెట్టడానికి, బీడు దున్నేవాడికి, ఇన్నేళ్ళు ఇంత తక్కువ శిస్తు అని నవాబుల కాలంలో కౌలునామాలు ఇచ్చేవారు. అక్కడినుండి అది భూమి గుత్తకు తీసుకోవడం అనే అర్థంలో స్థిరపడింది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నేడు కౌలు అంటే ఎవరికైనా తెలిసిన అర్థం అదొక్కటే. ఆ మాట వెనుక అభయం ఉన్నదని ఎవరికీ గుర్తులేదు.

గుర్తులేకపోవడమే కాదు, అభయమూ లేదు. మిరపా పత్తీ పెట్టుబడి పంటలు. మిరపే ఒక పరాయి మొక్క, అమెరికా ఖండం నుండి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఎవరినీ అడగకుండా దిగి, గుంటూరు పేరునే తన ఇంటిపేరు చేసుకుంది. ఆ మిరప వేసే రైతు సంగతి అలా లేదు. చాలా ఊళ్ళలో విత్తడానికి ముందే కౌలు డబ్బు కట్టాలి. కాగితం ఉండదు. కాగితం రాస్తే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని ఆసామికి భయం. 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలుదారును కాపాడదలచింది, ఆ భయమే కాగితాన్ని మాయం చేసింది. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, నష్టపరిహారం వస్తే అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. పంట పోయి ఉసురు తీసుకున్న రైతుల జాబితాల్లో కౌలుదార్లు ఎంతమందో ఈ ప్రాంతపు పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం తెచ్చి కౌలుదార్లకు ఋణ అర్హత కార్డులు ఇచ్చారు. చెల్లుబాటు ఒక ఏడాది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఈసారి పత్రం గడువు 11 నెలలు. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీద మాత్రమే. దానికి భూయజమాని సంతకం తప్పనిసరి. పదకొండు నెలలు అన్న అంకె ఊరికే రాలేదు. పట్టణాలలో ఇంటి అద్దె ఒప్పందాలకు కూడా అదే అంకె. ఏడాది నిండితే హక్కేదో మొలకెత్తుతుందన్న జంకు దాని వెనుక ఉంది. టి.ఎం. 7 దరఖాస్తుదారుకు ఉండే నిశ్చింత కూడా ఇక్కడ లేదు. అక్కడ రుసుమెంతో, గడువెంతో, జరిమానా ఎంతో గోడమీద రాసి ఉంటుంది. మోటుపల్లి స్తంభం మీద కర్పూరానికెంతో రాసినట్టు. ఇక్కడ సంతకం పెట్టేవాడు పెడతాడు, పెట్టనివాడు పెట్టడు.

కనుక పుట్టిన ఊళ్ళో, తాత ముత్తాతలు దున్నిన చెరువు కింద, పద్నాలుగో ఏడూ పదిహేనో ఏడూ అదే నాలుగు ఎకరాలు చేస్తున్న మనిషి ఉగాది వెళ్ళాక ఆసామి ఇంటికి పోతాడు. ఆసామి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఫోను చేస్తాడు. “ఈ ఏడు కూడా మాకే ఉంచండయ్యా” అని అడుగుతాడు. “అట్టాగే చూద్దాంలే, ఎకరానికి ఇంకో రెండు వేలు పెంచాలి మరి” అని జవాబు వస్తుంది. తలూపి వస్తాడు. మిరపనారు పోసుకోవడానికి అప్పటికింకా రెండు మూడు నెలలు ఉంటుంది.